మనవలకు పాత చీరల బొంతలు: ఎన్ని పొరలు, ఏ దారం, ముడతలు ఎందుకు?

తణుకు అమ్మమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. మనవరాలికి ఎనిమిది నెలలు, మనవడికి అయిదేళ్లు. ఇద్దరికీ చెరో బొంత కుట్టాలి. ఆరు పాత నేతచీరలున్నాయి: మూడు మంగళగిరి, రెండు వెంకటగిరి, ఒకటి ముదురెరుపుది. రెండు పంచెలు, మనవడికి పొట్టయిపోయిన చొక్కాలు, టీషర్టులు కూడా ఉన్నాయి. ఎన్ని పొరలు వెయ్యాలి? మధ్యలో దూది పెట్టాలా? దారం ఏది మంచిది? ఇంతకుముందు కుట్టినది ఒక్క ఉతుకుకే ముడతలు పడి, కొన్నిచోట్ల గుడ్డ దారం వెంబడే చీలింది. కారణం తెలిస్తే మళ్లీ ఆ తప్పు చెయ్యను. రోజుకు గంట మించి తీరిక ఉండదు. ఇంట్లో పాకే పిల్ల ఉంది.

చీరాల దర్జీ

ముందు కొలత తేల్చుకోండి, పొరల లెక్క దాన్నిబట్టి వస్తుంది. చీర పన్నా (వెడల్పు) 45 అంగుళాలు, పొడవు అయిదున్నర గజాలు, అంటే 198 అంగుళాలు అనుకుందాం. మీవి ఒకటి రెండు అంగుళాలు అటూఇటూ ఉండొచ్చు.

పాపకు 36 × 45 చాలు. ఒక చీరను 36 అంగుళాలకొకటి చొప్పున చింపితే అయిదు ముక్కలు, అవే అయిదు పొరలు. ఇంకా 18 అంగుళాల ముక్క మిగులుతుంది. దాంట్లోంచి రెండున్నర అంగుళాల వెడల్పున నాలుగు పట్టీలు తీస్తే చుట్టూ అంచు కట్టడానికి సరిపోతాయి. అంటే పాప బొంతకు ఒక్క చీర. బాబుకు 45 × 60. చీరకు మూడు ముక్కల చొప్పున రెండు చీరలకు ఆరు పొరలు. దీని అంచుకు అయిదు పట్టీలు కావాలి.

చింపమన్నాను, కత్తిరించమనలేదు. నేతగుడ్డ అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చింపితే పేక (అడ్డ) దారం వెంబడే తిన్నగా పోతుంది. కత్తెరతో ఎంత జాగ్రత్తగా కోసినా ఓర వస్తుంది, ఓరగా ఉన్న పొర ఉతికాక ఒక మూలకు లాగేస్తుంది.

చలి ఎక్కువని ఎనిమిది పొరలూ పది పొరలూ వేసేవారున్నారు. నా లెక్కలో పొరల సంఖ్య చలిని బట్టి కాదు, ఆరే వేగాన్ని బట్టి. పసిపిల్ల బొంత వారానికి నాలుగుసార్లయినా తడుస్తుంది. పొద్దున ఉతికింది సాయంత్రానికి లోపలి పొరతో సహా ఆరాలి. అయిదారు పొరలైతే ఎండలో ఆరిపోతుంది. పది పొరలు వేస్తే పైన పొడిగా తగిలి, లోపల చెమ్మ నిలిచి ముక్కిన వాసన వస్తుంది. బాగా చలి ఊరైతే ఆరు పొరలవి రెండు కుట్టి ఒకదానిమీద ఒకటి వేసుకోవడం మేలు.

దూది వద్దు. పరుపుకు పెట్టే దూది ఉతికితే ఉండ కడుతుంది, మళ్లీ విప్పి ఏకించాల్సిందే. ప్లాస్టిక్, రబ్బరు షీటు కూడా పొరల మధ్య పెట్టకండి, తడి దానికి అటూ ఇటూ చిక్కుకుని ఆరదు. రబ్బరు షీటు కావాలంటే బొంత కింద విడిగా వేసుకోండి.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ఏడాది నిండని బిడ్డకు బొంత కింద పరవడానికే, అదీ ముడతల్లేకుండా చాపంత చదునుగా. నిద్రలో మీద కప్పకండి, ముఖం మీదకు జరిగితే తనంతట తాను తీసుకోలేదు. అద్దాలు, పూసలు, గుండీలు, వేలాడే కుచ్చులు అసలు వద్దు.

న్యూజెర్సీ నుంచి

చీలడానికి కారణం దాదాపుగా దారమే అయ్యుంటుందండీ. పాలియెస్టర్ దారంతో కుట్టారా? పాత నూలుగుడ్డ మెత్తబడి ఉంటుంది, పాలియెస్టర్ దానికంటే చాలా గట్టిది. పిండినప్పుడల్లా ఆ దారం గుడ్డను కోస్తుంది. పాత గుడ్డకు నూలు దారమే వాడాలి. తెగితే దారం తెగాలి గాని గుడ్డ తెగకూడదు. దారం మళ్లీ కుట్టుకోవచ్చు.

ఎంబ్రాయిడరీ నూలు దారం కట్ట ఎనిమిది మీటర్లు, అందులో ఆరు పోగులు. మూడేసి పోగులుగా విడదీస్తే ఒక కట్టకు పదహారు మీటర్లు. బాబు బొంతకు ముప్పాతిక అంగుళానికొక వరస చొప్పున 45 అంగుళాల వెడల్పుకు 60 వరసలు, ఒక్కో వరస 60 అంగుళాలు. మొత్తం 3,600 అంగుళాలు, సుమారు 91 మీటర్లు. ముడులకు, గుడ్డ లోపలికి పోయేదానికి అయిదో వంతు కలిపితే 110 మీటర్లు. ఎనిమిది కట్టలు ఒకేసారి కొనండి. తర్వాత కొంటే అదే నంబరులోనూ రంగు కాస్త తేడా రావచ్చు. ముదురు రంగు దారమైతే ముందు తడిపి తెల్లగుడ్డకు రుద్ది చూడండి.

సూది: 3 నుంచి 5 నంబరు ఎంబ్రాయిడరీ సూది. గోనెసంచుల దబ్బనం తేకండి, అది చేసే చిల్లు ఆ దారంతో నిండదు.

తణుకు అమ్మమ్మ

అవునండీ, మెషీనుకు వాడే పాలియెస్టర్ దారాన్నే రెండు పేటలు వేశాను. చీలింది కూడా పైపొరలో బాగా నలిగిన చోటే. మరి ఏ ముక్క పైకి, ఏది లోపలికి అని ఎలా తేల్చాలి? ఎర్రచీర వాడొచ్చా?

చీరాల దర్జీ

చీరను కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు కనిపించే చోటు నలిగింది. సాధారణంగా మడమల దగ్గరి కింది అంచు, నడుం దగ్గర దోపుకున్న భాగం, పిన్ను పెట్టిన భుజం చోటు ముందు పోతాయి. తర్వాత రెండు బొటనవేళ్లతో అడ్డంగా లాగండి. చిటపటమంటే ఆ ముక్క లోపలి పొరకు. లాగీలాగక ముందే విచ్చుకుపోతే దేనికీ పనికిరాదు. గట్టి ముక్కలు పైకీ కిందికీ, మెత్తటివి మధ్యకు. పంచెలు పాప వైపు పొరకు బాగుంటాయి, రంగు భయం లేదు, ఏం అంటుకున్నా కనబడుతుంది. జరీ ఉంటే అంచు మొత్తం తీసేయండి. జరీ పోగు ఊడితే చర్మానికి గీసుకుంటుంది.

అన్నీ గంజి పూర్తిగా పోయేదాకా వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి ఆరేయండి. గంజి మిగిలితే పురుగు చేరుతుంది. కొత్త గుడ్డ ఏదైనా కలిపితే అది పాత చీరలకంటే ఎక్కువ కుంచించుకుపోతుంది, ముడతలకు అదొక దారి. కాబట్టి ఉతక్కుండా ఏ ముక్కా లోపలికి పోకూడదు.

ఎర్రచీరను ఇలా చూడండి. ఒక మూల తడిపి, మీద తెల్లగుడ్డ పరిచి, వేడి ఇస్త్రీపెట్టె అరనిమిషం అదమండి. తెల్లగుడ్డకు గులాబీ రంగు అంటితే ఆ చీర పక్కకు పెట్టేయండి. ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు ఆగుతుందని చెబుతారు, నమ్మకండి. అద్దినప్పుడు గుడ్డను పట్టని రంగు ఇప్పుడు ఉప్పుకు పట్టదు. పసిపిల్లలు బొంత మూల నోట్లో పెట్టుకుంటారని కూడా గుర్తుంచుకోండి.

పాలమూరు అక్క

అక్కా, ముడతలు పడేది దారం గుంజుడు వల్లనే అనుకుంటరు గని, సగం తప్పు టాకాల కాడనే అయితది. టాకాలంటె అసలు కుట్టుకు ముందు పొరలు కదలకుండ ఏసే కచ్చా కుట్లు.

నేల తుడిచి, కింది పొర ఉల్టా వైపు పైకి వచ్చేటట్టు పరువు. నాలుగు మూలలకు బరువు పెట్టు. మీద ఒక్కొక్క పొర ఏస్తూ, అరచేత్తోని నడుమ నుంచి అంచులకు సాపు చెయ్యి. గుంజి పరవొద్దు. గుంజిన గుడ్డ టాకాలు తీసినంక ఎనుకకు పోతది, కింది పొర పోదు, ఆ తేడానే ముడత. అన్ని పొరల పడుగు (నిలువు పోగు) ఒక్క దిక్కే ఉండాలె, ఒకటి నిలువు ఒకటి అడ్డం ఏస్తే ఒక్కోటి ఒక్కో తీరుగ సాగుతది.

టాకాలు నడుమనుంచే మొదలువెట్టాలె. ముందుగాల నడుమల నిలువుకు ఒకటి, అడ్డంగ ఒకటి, తర్వాత బెత్తెడుకు ఒకటి చొప్పున రెండు దిక్కులా. అంచు నుంచి మొదలువెడితే మిగులు గుడ్డ అంతా నడుమకు చేరి ఉబ్బుతది. టాకా దారం వేరే రంగుది తీస్కో, తీసేటప్పుడు తెలుస్తది. టాకాలు అయినంక బొంతను తిరగేసి కింది పొర మీద చెయ్యి పెట్టి చూడు. ఏడనన్న మడత పడి ఉంటే అప్పుడే విప్పి మళ్ల వెయ్యి. కుట్టినంక తెలిస్తే ఇరవై వరసలు విప్పాలె.

ఇగ కుట్టు. దారం మూరెడే తీస్కో. పొడుగు తీస్తే చిక్కు పడ్తది, పొరల్లకెల్లి గుంజిగుంజి పోగు లేస్తది. కొద్దిగ తేనెమైనం రాస్తే నున్నగ పోతది. కుట్టు బియ్యపు గింజంత, సందు దానికి కొద్దిగ తక్కువ. ఒక్క పట్టుకు నాలుగైదు కుట్లు సూది మీదికి తీస్కొని గుంజాలె. ప్రతి నాలుగో కుట్టుకు సూది కొన కింది దిక్కు వేలికి తగులుతుందా చూస్కో, లేకుంటే కింది పొర వదిలేసి పోతవు. వరస అయినంక రెండు చేతులతోని ఆ వరసను పొడుగునా ఒక్కసారి సాగదీసి, దారం వదులు ఇచ్చి, అప్పుడు ఆపు. ఈ ఒక్క పనితోనే ఉతికినంక వచ్చే ముడతలు చాలా తగ్గుతయి.

ముడి కింది పొర మీద వదలొద్దు, పిల్లకు ఒత్తుకుంటది. ముడిని పై పొరలకెల్లి చిన్నగ గుంజి లోపలికి దూర్చు, తోక ఒక అంగుళం పొరల నడుమల వదులు.

కర్ణాటకల సిద్దీ తెగ ఆడోళ్లు కవుది అనే తమ బొంతను అంచు నుంచి మొదలువెట్టి చుట్టూ తిరుక్కుంట నడుమకు వస్తరు. చూడ సక్కగుంటది, గని చేతికి అలవాటు కావాలె. మొదటిసారి పిల్లలకు కుట్టెటోళ్లు సీదా గీతలే కుట్టుకోవాలె.

తణుకు అమ్మమ్మ

చాలా స్పష్టంగా ఉందమ్మా. మెషీను మీద కుట్టేస్తే? మోటరు మెషీను ఉంది. ఇంకో మాట, మనవడి చొక్కాలతో పై పొర అతుకులుగా చెయ్యాలనుంది.

న్యూజెర్సీ నుంచి

మెషీనులో ఒక ఇబ్బంది ఉంది. కింద ఉన్న పళ్లు కింది పొరనే ముందుకు లాగుతాయి, పైన గుడ్డను నొక్కిపట్టే అడుగు (ఫుట్) పై పొరను ఆపుతుంది. అయిదారు పొరల మీద గీత చివరికి వచ్చేసరికి పై పొర వేలెడు మిగిలిపోతుంది. దీనికి వాకింగ్ ఫుట్ అని వేరే అడుగు దొరుకుతుంది, అది పై పొరను కూడా లాగుతుంది. 14 లేదా 16 నంబరు సూది, కుట్టు పొడవు మూడు నుంచి మూడున్నర మిల్లీమీటర్లు, అడుగు ఒత్తిడి తగ్గించాలి. వరసకు వరసకు బెత్తెడు దూరం చాలు. దారం మాత్రం నూలుదే. ఆ అడుగు దొరక్కపోతే లోపలి వరసలు చేత్తో కుట్టి, అంచు పట్టీ ఒక్కటి మెషీను మీద వెయ్యండి.

అతుకులకు ఆరున్నర అంగుళాల చదరాలు కోయండి. చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోగా ఆరు మిగులుతుంది. ఏడు వరసలు, వరసకు పది చొప్పున 70 చదరాలకు 42 × 60 వస్తుంది. కింది పొరలు దానికి తగ్గట్టు కోసుకోండి. వెనక మిగిలే కుట్టు అంచులను పక్కపక్క వరసల్లో ఎదురెదురు దిక్కులకు ఇస్త్రీ చేస్తే మూలలు కలిసేచోట గుట్ట పడదు. చిన్న పిల్లాడి చొక్కా ఒక్కటి విప్పితే వీపు భాగంలో మహా అయితే మూడు నాలుగు చదరాలే వస్తాయి. మిగతావి చీర ముక్కలతో నింపండి. టీషర్టు సాగుతుంది కాబట్టి దాని వెనక ఇస్త్రీతో అంటుకునే పల్చటి పేస్టింగు గుడ్డ వేశాకే చదరం కోయాలి. జీన్సు కలపకండి, పక్కనున్న నేతగుడ్డను చించేస్తుంది.

తీరిక తక్కువని చెప్పారు కాబట్టి ఇంకొక సలహా. పొద్దున్నే ఎనిమిది సూదులకు దారం ఎక్కించి పెట్టుకుంటే కళ్లకు శ్రమ తగ్గుతుంది.

చీరాల దర్జీ

ఆ చివరి సలహా మాత్రం ఈ ఇంటికి వద్దండీ. పాకే పిల్ల ఉన్నచోట రెండు సూదులు చాలు, ఒకటి చేతిలో, ఒకటి డబ్బాలో. కూర్చునే ముందు లెక్కపెట్టండి, లేచేముందు లెక్కపెట్టండి. రెండూ కనబడనిదే బొంత మడవకండి. గుండుసూదులు అసలు వాడకండి, పొరలు కదలకుండా పట్టుకోవడానికి టాకాలున్నాయి. పని మంచం మీదో బల్ల మీదో చేసుకోండి, టాకాలు వేసేరోజు మాత్రం నేల కావాలి, ఆ పూట పాపను ఇంకెవరికైనా అప్పజెప్పండి. ఆ తర్వాత నేల మీద అయస్కాంతం తిప్పితే పడ్డ సూది దొరుకుతుంది. కుట్టు పూర్తయ్యాక బొంతను అంగుళం అంగుళం చేత్తో నొక్కి చూసి, అయస్కాంతం ఒకసారి మీద కూడా తిప్పి, అప్పుడే ఉతకండి.

గంటసేపు దొరికితే నాలుగు వరసలు లెక్కేసుకోండి. బాబు బొంత అరవై వరసలు, అంటే పదిహేను రోజులు. వరస మధ్యలో లేవాల్సి వస్తే ముడి వేసి దారం తెంపేయండి, సూది బొంతకు గుచ్చి వదలకండి. కుట్టినంతమేర చుట్ట చుట్టి, మిగతాది ఒళ్లో ఉంచుకుంటే బరువు మణికట్టు మీద పడదు.

పాలమూరు అక్క

అంచు పట్టీ గురించి ఒక మాట. పట్టీని సగానికి మడిచి ఇస్త్రీ చేసి, పై దిక్కు మెషీను మీద కుట్టి, కిందికి మడిచి చేత్తోని హెమ్మింగ్ చెయ్యి. ముందుగాల చిరిగేది అంచే, అదొక్కటి విప్పి మార్చుకోవచ్చు. నడుమల చిరిగితే చిరుగుకంటె రెండు వేళ్లు పెద్దగ మాసిక వేసి, పాత వరసల మీదనే మళ్ల కుట్టాలె.

తణుకు అమ్మమ్మ

రేపే చీరలు నానబెడతాను. చివరిగా రెండు: పెట్టెలో దాచేటప్పుడు కలరా ఉండలు వెయ్యొచ్చా? పేరు ఎక్కడ కుట్టాలి?

చీరాల దర్జీ

కలరా ఉండలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకు ఆ ఉండల్లోని నాఫ్తలిన్ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, పసికందుల్లో కామెర్లు ముదురుతాయి. ఎండలో బాగా ఆరబెట్టి, ఎండు వేపాకు పల్చటి గుడ్డలో మూటకట్టి మధ్యలో పెట్టండి. రెండు నెలలకోసారి తీసి ఎండ చూపించండి.

పేరు కింది పొర మీద, కుడి మూలకు, అంచుకు జానెడు లోపల. పొరలు కలపకముందే ఆ ఒక్క పొర మీద కుట్టుకుంటే వెనక ముడులన్నీ లోపలికి పోతాయి. సంవత్సరం కూడా వెయ్యండి. పేరున్న మూల తల వైపు రాకుండా చూసుకుంటే చాలు.