మూడు రోజులకోసారి కడుగుతున్నా ట్యాంకు నీళ్లు తెల్లబడుతున్నాయి

గాజుపెట్టె:
రెండడుగుల ట్యాంకు, 50 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. మూడు గోల్డ్‌ఫిష్. గాజుకు లోపలివైపు అంటించే మోటార్ ఫిల్టర్, అందులో స్పాంజ్. పెట్టి నాలుగు నెలలైంది. మొదట్లో ఆదివారం ఆదివారం చేపల్ని బకెట్లోకి తీసి, రాళ్లన్నీ కడిగి, స్పాంజ్‌ని కుళాయి కింద కొత్తదానిలా అయ్యేదాకా పిండి, మొత్తం కొత్త నీళ్లు పోసేవాణ్ణి. సాయంత్రానికి అద్దంలా ఉండేది. రెండో రోజు పొద్దున చూస్తే సున్నం కలిపినట్టు తెల్లగా!

సరే, చాలట్లేదేమోనని మూడు రోజులకోసారి కడగడం మొదలుపెట్టా. ఇప్పుడు ఇంకా తొందరగా తెల్లబడుతోంది. నిన్నటి నుంచి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. "మీరు కడిగినప్పుడల్లా అవి అలుగుతున్నాయి" అంటోంది మా ఆవిడ. ఫిల్టర్ కూడా మునుపటిలా నీళ్లు తోయట్లేదు. పెద్ద ఫిల్టర్ కొనాలా? నీళ్లు తేటపరిచే మందేదైనా పోయాలా?

బుడగలు:
లైటు ఎన్ని గంటలు వేస్తున్నారు? నాకూ నీళ్లు పాడైతే 6 గంటలకి తగ్గించి, కిటికీ ఎండ తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టా. కొన్ని వారాల్లో సర్దుకుంది.

పాత బకెట్:
బుడగలు గారూ, మీవి పచ్చనీళ్లు అయ్యుంటాయి. అది నాచు, వెలుతురు తగ్గిస్తే దారికొస్తుంది. ఈయనది తెలుపు. గాజుపెట్టె గారూ, ఒక గాజు గ్లాసు నిండా ట్యాంకు నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి దిగి పైన తేటపడితే రాళ్ల దుమ్ము. పొద్దున కూడా పొగలాగే ఉంటే బాక్టీరియా అనుకోవచ్చు. చూసి చెప్పండి.

గాజుపెట్టె:
పొగలాగే ఉంది. అడుగున ఏమీ దిగలేదు.

పాత బకెట్:
అనుకున్నా. మీ ట్యాంకుకి వచ్చిన జబ్బు శుభ్రత అండీ. చెబుతున్నవాడూ అదే బాపతు. నా మొదటి ట్యాంకులో స్పాంజ్‌ని మరిగే నీళ్లలో వేసి మరీ కడిగా. వారం తిరక్కుండా ఐదు చేపల్లో నాలుగు పోయాయి. మిగిలిన ఒక్కదాన్నీ చూసి నేర్చుకున్నదే ఇదంతా.

ఫిల్టర్ అంటే జల్లెడ అనుకుంటాం. చెత్త పట్టడం దాని చిన్న పని. చేపలు మొప్పల్లోంచి ఎప్పుడూ అమ్మోనియా వదులుతుంటాయి, మిగిలిపోయిన మేత కుళ్లినా అదే వస్తుంది. కంటికి కనిపించదు, కానీ చేపకి విషం. స్పాంజ్ రంధ్రాల్లో, రాళ్ల మీద కాపురముండే బాక్టీరియాలో ఒక రకం దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్‌తో మాత్రం, మరీ పేరుకుపోనంతవరకు, చేపలకి పెద్దగా ఇబ్బంది లేదు. నీళ్లు మార్చినప్పుడు అది పోతుంది. కొత్త ట్యాంకులో ఈ కాపురం కుదరడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరు మూడు రోజులకోసారి ఇల్లు ఖాళీ చేయిస్తున్నారు. పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే అది వాటిని చంపడానికే వేసిన మందాయె.

మరి ఆ తెలుపేంటంటారా? అది వేరే జాతి. మేత, మలం తిని నీళ్లలోనే తేలుతూ పెరుగుతుంది. మొత్తం కడిగేసరికి పోటీ లేని ఖాళీ మైదానం దొరికి, ఒక్క రాత్రిలో విజృంభిస్తుంది. ఆక్సిజన్ కూడా బాగా లాగేస్తుంది. చేపలు పైకి రావడానికి అదొక కారణం, అమ్మోనియా మొప్పల్ని కాల్చడం ఇంకో కారణం కావచ్చు.

ఈ రాత్రికి పావు వంతు నీళ్లే మార్చండి, క్లోరిన్ విరిచినవి, ట్యాంకు నీళ్ల వేడికి దగ్గరగా ఉన్నవి. గాలి పంపు ఉంటే వేయండి. రెండు రోజులు మేత బంద్. ఎదిగిన గోల్డ్‌ఫిష్‌కి ఏమీ కాదు, అవి అడుక్కుంటాయి గానీ కరగకండి. అమ్మోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్ కొనండి, పెద్ద ఫిల్టర్ సంగతి తర్వాత. తేటపరిచే మందు దుమ్ముని ముద్దకట్టించి స్పాంజ్‌కి పట్టిస్తుంది, అంతే. మీ రోగానికి మందు కాదు.

స్పాంజ్ కడగాల్సి వస్తే ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లనే బకెట్లో పట్టి, అందులో రెండు మూడుసార్లు పిండండి. గోధుమ రంగు మిగిలినా వదిలేయండి, నీళ్లు పారితే చాలు. స్పాంజ్ పిండిన వారం రాళ్లు ముట్టుకోవద్దు.

మోటార్ తోయకపోవడం వేరే గొడవ. ప్లగ్ తీసి, చివరనుండే మూత లాగితే లోపల చిన్న రెక్కల చక్రం ఉంటుంది, ఇంపెల్లర్. దాని అయస్కాంతం చుట్టూ జిగురు, నాచు పోగులు చుట్టుకుని ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో గీకండి, అది కూర్చునే గుంట కూడా. మధ్యలో పుల్ల సిరామిక్‌దైతే నెమ్మది. నాది ఒకటి టక్కున విరిగింది.

గాజుపెట్టె:
ఇంపెల్లర్ తీశా. నల్లటి జిగురు, దాంట్లో మా ఆవిడ వెంట్రుక ఒకటి! ఎలా వెళ్లిందో. కడిగి పెట్టాక నీళ్లు బాగా తోస్తోంది. అన్నిటికన్నా ఆనందం, ఆ గరగర చప్పుడు పోయింది. ఇన్నాళ్లూ నిద్ర పట్టక రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేసి, పొద్దున వేసేవాణ్ణి.
కుళాయి నీళ్లు ఒక రాత్రి బకెట్లో ఉంచుతున్నా, క్లోరిన్ పోయినట్టేనా?

పాత బకెట్:
రాత్రిళ్లు ఆపేసేవారా! అసలు ముచ్చట ఇప్పుడు బయటపడింది. స్పాంజ్‌లో బాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి, పారే నీళ్లే దాన్ని తెచ్చిపెడతాయి. గంటల తరబడి ఆపితే లోపలి మడ్డి కుళ్లడం మొదలవుతుంది, పొద్దున స్విచ్ వేయగానే ఆ కుళ్లంతా చేపల మీదికి. 24 గంటలూ నడవాల్సిందే. ఎప్పుడైనా చాలాసేపు ఆగిపోతే, పాత నీళ్లలో స్పాంజ్ ఓసారి ముంచి పిండాకే వేయండి.

మొప్పలు:
నీళ్ల గురించి నేను చెబుతా. ఉత్త క్లోరిన్ అయితే వెడల్పాటి పాత్రలో ఒకట్రెండు రోజులు ఉంచితే పోతుంది. క్లోరమైన్, అంటే క్లోరిన్‌కి అమ్మోనియా జతచేసిన మందు, కలిపిన నీళ్లయితే ఊరికే ఉంచితే పోదు. సోడియం థయోసల్ఫేట్ ఉన్న డీక్లోరినేటర్ వాడితే క్లోరిన్ విరుగుతుంది, క్లోరమైన్‌లోని అమ్మోనియా మాత్రం మిగులుతుంది. సీసా మీద అమ్మోనియాకీ పనికొస్తుందని ఉందో లేదో చూసి కొనండి. ఇంకోమాట, మూడు గోల్డ్‌ఫిష్‌కి 50 లీటర్లు ఇరుకు. అవి ఊరుకునే చేపలు కావు, పెరుగుతాయి, పెరిగేకొద్దీ మలం కూడా.

గాజుపెట్టె:
12 రోజులైంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా లీటరుకి 2 మిల్లీగ్రాముల నుంచి 0.25కి దిగింది. నైట్రైట్ మాత్రం సున్నా నుంచి 1కి ఎక్కింది. ఎక్కడో తప్పు చేశానా?

పాత బకెట్:
లేదు, మొదటి రకం కుదిరింది, రెండో రకం ఇంకా సర్దుకుంటోంది. ఆ రెండోదే నిదానం. నైట్రైట్ దిగేదాకా రోజు విడిచి రోజు పావు వంతు మార్చండి. లీటరుకి 100 మిల్లీగ్రాముల లెక్కన, అంటే మీ ట్యాంకుకి 5 గ్రాముల ఉప్పు విడిగా నీళ్లలో కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డుపడుతుంది. మళ్లీ నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లకి సరిపడా ఉప్పే కలపాలి, మొత్తం 5 గ్రాములూ కాదు.

గాజుపెట్టె:
ఐదో వారం. రెండూ సున్నా, నైట్రేట్ 20. ట్యాంకు వెనకున్న క్యాలెండర్ తేదీలు నీళ్లలోంచి చదవగలుగుతున్నా. కానీ రాళ్ల మీద, గాజు మీద గోధుమ రంగు పొర పడుతోంది. కడిగేయాలని చేతులు దురదపెడుతున్నాయి.

పాత బకెట్:
గాజు మీదిది గుడ్డ తడిపి తుడుచుకోండి, ఊరికే వస్తుంది. అది డయాటమ్ అనే నాచు, కొత్త ట్యాంకుల్లో మామూలే, కొన్నాళ్లకి దానంతటదే పోతుంది. రాళ్ల జోలికి మాత్రం వెళ్లారో, బకెట్ మీ ఆవిడ చేతికిచ్చి దాచమంటా.