కర్నూలు–హైదరాబాద్ రాకపోకలకు లైట్ స్పోర్ట్ విమానం కొనొచ్చా?

బురుజు వీధి:
మా విత్తనాల వ్యాపారం కర్నూల్లో, కొనేవాళ్లంతా హైదరాబాద్‌లో. వారానికి రెండుసార్లు నాలుగేసి గంటలు కారు నడిపి విసిగిపోయాను. 2021లో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. ముగ్గురు స్నేహితులం కలిసి సెకండ్‌హ్యాండ్‌లో రెండు సీట్ల విమానం కొందామనుకుంటున్నాం. రోటాక్స్ ఇంజను, గంటకు 20 లీటర్లు. బంకు పెట్రోలుతోనే నడుస్తుందట. తప్పేముంది?

హంద్రీ గట్టు:
అన్నా, పెట్రోలు దగ్గరే మీ లెక్క తప్పుతోంది. రోటాక్స్ 912కు కంపెనీ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ దాకానే. ఇప్పుడు మన బంకుల్లో పోసేది 20 శాతం కలిపినది. దయచేసి దాంతో పైకి లేవకండి. ఇక మిగిలింది విమానాల పెట్రోలు, అవ్‌గ్యాస్. అందులో సీసం ఉంటుంది కాబట్టి 25 గంటలకోసారి ఆయిల్ మార్చాలి. అది ఓర్వకల్లు దాకా ఎవరు తెచ్చిస్తారో ముందు తేల్చుకోండి.

బరువు సంగతీ చూడండి. ఈ తరగతి విమానం మొత్తం 600 కిలోలు దాటకూడదు. ఖాళీదే 350 దాకా తూగుతుంది. మనుషులిద్దరు 160, వంద లీటర్ల పెట్రోలు 72. మిగిలేది 18 కిలోలు. శాంపిళ్ల బస్తా ఒక్కటి కూడా పట్టదు.

నాకు లైసెన్సు ఉంది, ఈ రకం నడిపాను. పోగానే ఎక్కి కూర్చోవడం కుదరదు. రెక్క కింద వాల్వు నొక్కి గ్లాసులోకి కాస్త పెట్రోలు పట్టి, అడుగున నీటి బొట్టు ఉందేమో వెలుతురులో చూడాలి. స్విచ్చులన్నీ ఆపి, ఆయిల్ ట్యాంకులో గుడగుడమని చప్పుడు వచ్చేదాకా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. అప్పుడుగానీ ఆయిల్ ఎంతుందో సరిగ్గా తెలియదు. ఇల్లు వదిలి ఓర్వకల్లు చేరడానికి అరగంట, ఈ పనులకు ముప్పావు గంట, గాల్లో గంటా పావు, దిగాక సిటీ ట్రాఫిక్. మూడు గంటలు దాటిపోయింది. కారుకంటే గంట కూడా మిగలదు.

పెన్నా ఇసుక:
నేనొప్పుకోను. మా అనంతపురం నుంచి మీ కర్నూలు దాకా వానలే తక్కువ, ఆకాశం తేటగా ఉండే రోజులే ఎక్కువ. ఇంజను ఆగినా దిగడానికి కింద విశాలంగా చేలున్నాయి. ఖర్చు ముగ్గురి మీద పడుతుంది. సీమ వాళ్లం ఎప్పుడూ రోడ్డు మీదే పోవాలా?

హంద్రీ గట్టు:
తమ్ముడూ, ఎగరొద్దని నేనెక్కడన్నాను? సరదాకు కొనండి, సంతోషం. నా భయమంతా రాకపోకల గురించే. మే నెలలో పదకొండు దాటితే నేల వేడికి ఇంత తేలిక విమానం ఎగిరెగిరి పడుతుంది. సాయంత్రం పొద్దుగూకేలోగా దిగిపోవాలి. పార్టీ ఐదింటికి డబ్బు ఇస్తానంటే నాలుగింటికే లేచి రాగలరా? ‘ఇంకా వెలుతురుంది, పోదాంలే’ అనిపిస్తుంది. ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే. మా బంధువుల పెళ్లికని బయల్దేరి, మహబూబ్‌నగర్ దగ్గర ఎదురుగా నల్లమబ్బు చూసి నేనొకసారి వెనక్కి తిప్పేశాను. తాళి కట్టే వేళకు కర్నూల్లోనే ఉన్నాను. రోజూ అలా తిప్పగలిగే ఓపిక మీకుందా అన్నదే నేనడిగేది.

బురుజు వీధి:
ఇథనాల్ సంగతి అమ్మేవాళ్లు చెప్పనే లేదు. సరే, ముందు లైసెన్సుకు కావాల్సిన 40 గంటలు ఎగరడం నేర్చుకుంటాను. కానీ ఒక విమానం తక్కువ ధరకు వస్తోంది, అడ్వాన్సు అడుగుతున్నారు.

హంద్రీ గట్టు:
ఇప్పుడే ఇవ్వకండి అన్నా. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో రాసే లాగ్‌బుక్ ఫొటోలు తీసి పెట్టండి. 2,000 గంటలకు ఓవర్‌హాల్, అంటే ఇంజను మొత్తం విప్పి బాగుచేయించడం, రావాలి. ఇప్పటికే 1,700 తిరిగుంటే ఆ ధర ఎందుకు తగ్గిందో తెలిసిపోతుంది. ఆదివారం నేను ఊళ్లోనే ఉంటాను, కూర్చుని చూద్దాం.