చర్చ: రూడీ సార్జో బ్యాండ్లు మారితే గొప్ప, మనం మారితే నిలకడ లేనట్టా?

నాలుగుతీగలు_బెజవాడ
అందరికీ నమస్కారం. కాలేజీ వాళ్లతో కట్టిన రాక్ బ్యాండ్ వదిలేసి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాను. ఇప్పుడు గుంటూరు నుంచి ఇంకో బ్యాండ్ పిలుస్తోంది. "వీడికి నిలకడ లేదు" అని పాతవాళ్లు అప్పుడే ప్రచారం మొదలెట్టారు. అమెరికా రాక్ బేస్ గిటారిస్టు సార్జోని చూడండి, ఎన్ని చోట్ల వాయించాడో: క్వైట్ రయట్, గాయకుడు ఓజీ ఆస్బోర్న్ బ్యాండ్, వైట్‌స్నేక్, డియో, బ్లూ ఆయిస్టర్ కల్ట్, ద గెస్ హూ, 2021లో మళ్లీ క్వైట్ రయట్. మాట పోకుండా ఒక బ్యాండ్ నుంచి బయటికి రావడం ఎలా? మీరెలా నెట్టుకొచ్చారు? ఇంట్లో ప్రాక్టీసుకి చిన్న ఆంప్ ఏది తీసుకోమంటారు?

బ్రాడీపేట_కీస్
నిలకడ సంగతి తర్వాత. పెళ్లి ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్‌కి ఇంకా మనిషిని పెడుతున్నారా? అదృష్టవంతుడివి తమ్ముడూ. మా దగ్గర కీబోర్డుని రెండు భాగాలుగా స్ప్లిట్ చేసి ఎడమ చేత్తో బేస్ నేనే లాగించేస్తా. ఒక మనిషి ఖర్చు తగ్గిందని పార్టీవాళ్లు కూడా హ్యాపీ.

పటమట_డ్రమ్స్
విన్నాంలే బ్రదర్ నీ ఎడమ చెయ్యి. కుడి చేత్తో ఫ్లూట్ బిట్ రాగానే ఎడమ చెయ్యి నిద్రపోతుంది. కిక్ డ్రమ్ మీద నేనొక్కణ్ణే మిగులుతా.

పాతక్యాసెట్
సార్జో పేరెత్తారు కాబట్టి చెబుతున్నా. ఓజీ 1981 ఆల్బమ్ 'డైరీ ఆఫ్ ఎ మాడ్‌మన్' అట్ట మీద బేస్ సార్జో, డ్రమ్స్ టామీ ఆల్డ్రిడ్జ్ అని ఉంటుంది. వాయించింది బాబ్ డైస్లీ, లీ కెర్స్‌లేక్. రికార్డింగ్ అయ్యాక వాళ్లిద్దర్నీ పంపించేసి కొత్తవాళ్ల పేర్లు వేశారు. అంతకుముందు 1978లో జపాన్‌లో మాత్రమే విడుదలైన క్వైట్ రయట్ రెండో ఆల్బమ్‌దీ ఇదే కథ. ఫొటో సార్జోది, బేస్ కెల్లీ గార్నీది. 1987 వైట్‌స్నేక్ ఆల్బమ్ వీడియోల్లో ఊగిపోయేది సార్జో, రికార్డులో నీల్ మర్రే. ఒకసారైతే పొరపాటు అనుకుందాం. మూడుసార్లా?

పటమట_డ్రమ్స్
క్వైట్ రయట్ 'మెటల్ హెల్త్' మర్చిపోయావా? 1983 నవంబర్‌లో 'ద పోలీస్' బ్యాండ్ వాళ్ల 'సింక్రనిసిటీ'ని దించి అమెరికా బిల్‌బోర్డ్ చార్ట్‌లో నంబర్ వన్‌కి ఎక్కిన ఆల్బమ్. దాంట్లో ఉన్నది సార్జోనే.

పాతక్యాసెట్
రెండు పాటలు చక్ రైట్ వాయించాడు. అందులో ఒకటి టైటిల్ పాట. ఇంకేమైనా ఉందా?

కొత్తపేట_ఐదుతీగలు
మీకిదంతా క్విజ్‌లా ఉంది. నాకైతే కడుపు మండుతోంది. ఇక్కడే ఒక స్టూడియోలో క్రైస్తవ గీతాల ఆల్బమ్‌కి మొత్తం బేస్ నేను వాయించాను. అట్ట మీద ప్రొడ్యూసర్ గారి బావమరిది పేరు వచ్చింది. అడిగితే "చర్చిలో సేవ అనుకో బాబూ" అన్నారు. మూడో పాటలో రెండో చరణం ముందు నా ఉంగరం తగిలి తీగ 'టింగ్' మంటుంది. మిక్సింగ్‌లో తీసెయ్యడం కూడా వాళ్లకి చాతకాలేదు. బావమరిదికి ఉంగరమే లేదు.

బ్రాడీపేట_కీస్
ఉంగరం పెట్టుకుని బేస్ వాయించేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా.

కొత్తపేట_ఐదుతీగలు
పెళ్లయినవాళ్లు పెట్టుకుంటారు. నీకు తెలియకపోతే ఊరుకో.

వన్‌టౌన్_లైవ్
పాతక్యాసెట్ గారూ, సార్జోని దొంగలా చూపించకండి. ఎవరి పేరు వెయ్యాలో తేల్చింది ఆయన కాదు, ఓజీ వైపు వాళ్లు. క్వైట్ రయట్‌లో కలిసి వాయించిన గిటారిస్టు ర్యాండీ రోడ్స్ సిఫారసు చేస్తే ఓజీ టూర్‌కి వచ్చాడు. వేరేవాడు కట్టిన బేస్ లైన్లు నేర్చుకుని ప్రతి రాత్రీ స్టేజీ మీద నిలబెట్టడం చిన్న పనా? 1982 మార్చి 19న ఫ్లారిడాలో విమానం కూలి ర్యాండీ పోయాడు. అప్పుడు సార్జో అదే టూర్‌లో, అక్కడే ఉన్నాడు. రెండు వారాల్లోపే వేరే గిటారిస్టుతో మళ్లీ స్టేజీ ఎక్కారు. ర్యాండీతో 1981లో చేసిన కచేరీలు 1987లో 'ట్రిబ్యూట్' పేరుతో వచ్చాయి, అది వినండి. అక్కడ వేళ్లు సార్జోవే.

పాతక్యాసెట్
స్టేజీ మీద గొప్పవాడే, ఎవరు కాదన్నారు? డైస్లీ మాటేంటి? ఆయనా బ్యాండ్లు మారినవాడే. రెయిన్‌బో, ఓజీ, యురియా హీప్, గ్యారీ మూర్, బ్లాక్ సబ్బాత్. ఓజీ పాటలకి సాహిత్యం కూడా చాలా వరకు ఆయనే రాశాడు. డబ్బుల కోసం కోర్టుకెక్కితే ఏమైందో తెలుసా? 2002లో ఆ 'డైరీ' ఆల్బమ్ మళ్లీ విడుదల చేస్తూ డైస్లీ బేస్, కెర్స్‌లేక్ డ్రమ్స్ మొత్తం తుడిచేసి రాబర్ట్ ట్రుజిల్లో, మైక్ బోర్డిన్‌లతో కొత్తగా వాయించి అతికించారు. జనం తిట్టిపోశారు. 2011లో గానీ అసలుది తిరిగి రాలేదు. నా దగ్గర రెండూ ఉన్నాయి. కళ్లు మూసుకుని తేడా చెబుతా.

సౌండ్_బాబాయ్
ఫోన్లో వింటూ బేస్ ఎవరిదో తేల్చేస్తున్నారు, ఆహా! తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మిక్సర్ పక్కనే పెరిగినవాణ్ణి, వినండి. బేస్ గిటార్‌లో లావు తీగ ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్. ఐదు తీగల దాంట్లో కింది బి అయితే 31 దగ్గర. ఫోన్ స్పీకర్‌కి అంత కిందికి దిగే సీన్ లేదు. మీకు వినబడేది దాని పైన పలికే హార్మోనిక్స్, అంటే అసలు నోటుకి రెట్టింపు, మూడు రెట్ల హెర్ట్జ్‌లో పలికే ధ్వనులు. దాన్ని బట్టి ఇది డైస్లీ, ఇది ట్రుజిల్లో అంటున్నారు.

పాతక్యాసెట్
నేను ఫోన్లో వింటానని ఎవరన్నారు? తిప్పి మరీ అడుగుతున్నా, ఎవరన్నారు?

సౌండ్_బాబాయ్
పేరు క్యాసెట్ అని పెట్టుకుంటే ఇంకా కంగారుగా ఉంది నాన్నా.

నాలుగుతీగలు_బెజవాడ
అన్నలూ, నా ప్రశ్న...

పటమట_డ్రమ్స్
ఆగు తమ్ముడూ. బాబాయ్, ఫంక్షన్ హాళ్లలో బేస్ అంతా బురద బురదగా వచ్చేది మీ వాళ్ల చలవే. డీజే బాక్సులు తెచ్చి "బేస్ అదిరిపోతుంది" అంటారు. ఏ నోటు వాయించాడో స్టేజీ మీద మాకే తెలియదు.

సౌండ్_బాబాయ్
పార్టీవాడు గుండె అదరాలంటాడు. నోటు ఎవడిక్కావాలి?

వన్‌టౌన్_లైవ్
పాపం ఆ కుర్రాడికి ఎవరూ జవాబివ్వలేదు. అబ్బాయ్, మేం కూడా చాలా బ్యాండ్లు మారాం. మారడం తప్పు కాదు, ముహూర్తాల మధ్యలో మారడం తప్పు. మాఘ ఫాల్గుణాల్లో చెయ్యిచ్చి పోయావనుకో, ఈ జిల్లాలో నిన్ను మళ్లీ ఎవరూ పిలవరు. ఆషాఢంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు. అప్పుడు నేరుగా వెళ్లి చెప్పు, వాట్సాప్‌లో కాదు. ఏ పాట ఏ శ్రుతిలో, ఎక్కడ కట్, ఏ గాయని అరస్వరం దించమంటుంది, అన్నీ రాసుకున్న నోట్‌బుక్ ఉంటుందిగా. కొత్తగా వచ్చేవాడికి జిరాక్స్ తీయించి ఇచ్చెయ్.

కొత్తపేట_ఐదుతీగలు
నోట్‌బుక్ ఇవ్వడమేంటండీ? రాత్రుళ్లు కూర్చుని విని రాసుకున్నది. ఊరికే ఇచ్చేస్తే రేపు వాడు అదే చూసి వాయించి నాకంటే తక్కువకి ఒప్పుకుంటాడు.

వన్‌టౌన్_లైవ్
ఇవ్వకపోతే మొదటి పెళ్లిలోనే వాడు తప్పు శ్రుతి పట్టుకుంటాడు. తిట్లు తినేది గాయని.

కొత్తపేట_ఐదుతీగలు
తిననివ్వండి. నా పేరు వెయ్యనప్పుడు ఎవరూ నా తరఫున తిట్లు తినలేదు.

బ్రాడీపేట_కీస్
శ్రుతి మారితే నాకు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. నోట్‌బుక్ అక్కర్లేదు.

పటమట_డ్రమ్స్
అడ్మిన్ గారూ, ఈయన్ని కాస్త మ్యూట్ చెయ్యండి.