ఈ వారం సమస్య (చివరి పాదం మాది, పై మూడు పాదాలు మీవి): చుక్క మింగెను చుక్కల నిక్కముగను

అడ్మిన్: తేటగీతి అనే నాలుగు పాదాల పద్యానికి చివరి పాదం ఇచ్చాను, ప్రాసయతి (చుక్క, నిక్కల్లో ‘క్క’ కలిసినట్టు) ఉంది చూస్కోండి. విశ్వానికీ మనిషికీ లింకు పెట్టి ఏదైనా బొమ్మ, శిల్పం, ముగ్గు మీద రాయండి. కృష్ణబిలం మాత్రం వద్దు బాబోయ్, అందరూ అదే రాస్తారు.

కుంచెపిచ్చి: చిత్రకారుడు ఎస్.హెచ్. రజా మీద నాది. 1922లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లో పుట్టాడు, చిన్నప్పుడు కుదురు లేదని మాస్టారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట, 1950లో ఫ్రాన్స్ వెళ్లి ఏవేవో ల్యాండ్‌స్కేపులు వేసి వేసి చివరికి ఆ నల్ల బిందువు దగ్గరకే వచ్చాడు.

బాల్యమున గోడపై చూపు బడిన బిందు
వదియె యాతని కుంచెలో వచ్చి నిలచె;
నల్ల వలయాన లోకాలు నక్కి యుండ
చుక్క మింగెను చుక్కల నిక్కముగను!

పాతపలక: నడక బాగుంది తమ్ముడూ. కానీ రజా బిందువు బీజం కదా, అందులోంచి అన్నీ పుట్టుకొస్తాయి, నువ్వేమో దొంగల్లా నక్కించావు. ‘నక్కి యుండ’ బదులు ‘నాని మొలవ’ అంటే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడం) కూడా సరిపోతుంది.

కుంచెపిచ్చి: మొలిస్తే ఇంక మింగేదేముంది అక్కా? మర్రిగింజలో చెట్టు ఉన్నట్టు అనుకుని ‘నక్కి’ అన్నా, మార్చను 😀

డాబామీదోడు: నాదీ చూడండి, చుక్క అంటే ఇక్కడ కంట్లో నల్లచుక్క, చీకట్లో అది బాగా పెద్దదవుతుంది కదా.

మిద్దె పైనను పడుకొని మేను మరచి
పాల పుంతను చూచెడు బాలకునికి
కంటిపాపలో నాకాశగంగ చేర
చుక్క మింగెను చుక్కల నిక్కముగను!

అడ్మిన్: మూడో పాదం భలే ఉందండీ. ‘పైనను’లో ‘ను’ గణం (పాదంలో అక్షరాల గుంపు) కోసం అతికించిందే, ‘పైకెక్కి’ అనండి చాలు. పాలపుంత, ఆకాశగంగ రెండూ ఒకటే, పునరుక్తి. రెండో పాదం ‘వింత వెలుగుల చూచెడు పిల్లవాని’ అంటే ‘కంటిపాపలో’కి నేరుగా అతుకుతుంది.

డాబామీదోడు: అది పునరుక్తి కాదు సార్, పైనున్నదీ కంట్లోదీ ఒకటే అని చెప్పడానికే రెండు పేర్లు పెట్టా.

అడ్మిన్: ఆ సంగతి పద్యంలో తెలియాలి గానీ కింద కామెంట్లో కాదు 🙂

కొత్తగాచేరా: చిదంబరం శివాలయంలో ఓ తెర తీస్తే వెనక విగ్రహం ఉండదు, బంగారు బిల్వదళాలు వేలాడుతుంటాయి, ఆకాశలింగం అంటారు, అది రాద్దామని ‘చిదంబరమున’ అని మొదలెట్టి అక్కడే ఆగిపోయా, ఎవరైనా హెల్ప్ చేయండి.

పాతపలక: ఆగిపోక ఏమవుతుంది, ‘చిదం’ అంటే లఘువు (పొట్టి అక్షరం) తర్వాత గురువు (పొడుగు అక్షరం), పాదం మొదట రావాల్సిన సూర్యగణం అలా మొదలవదు. ‘తెరను తీయగ’ అని ఎత్తుకో, మొదటి రెండు గణాలు వచ్చేసినట్టే. కానీ చిదంబరంలో నీ చుక్క ఏదమ్మా? ముందు అది తేల్చు, ఆదివారం లోపు పెట్టెయ్.