బీఎంగా, ఎంఎంగా? ఈ డిగ్రీల పేర్లు కాస్త విడమరిచి చెప్పండి

రీడింగ్ నుంచి:
అందరికీ నమస్కారం. మేము విజయవాడ నుంచి ఇంగ్లాండ్‌లోని రీడింగ్‌కి వచ్చి ఏడాదిన్నర అయింది. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, మా ఆవిడ, పాప డిపెండెంట్లు. పాప మొన్న సెప్టెంబర్‌లో ఇయర్ 12లో (మన ఇంటర్ మొదటి ఏడాది లాంటిది) చేరింది. మెకానికల్ చదువుతానంటోంది. యూనివర్సిటీల వెబ్‌సైట్లు తెరిస్తే అదే మెకానికల్‌కి బీఎంగ్ (బ్యాచిలర్ ఆఫ్ ఇంజినీరింగ్) ఒకటి, ఎంఎంగ్ (మాస్టర్ ఆఫ్ ఇంజినీరింగ్) ఒకటి, ‘విత్ ఫౌండేషన్ ఇయర్’ ఒకటి, ‘విత్ ఇయర్ ఇన్ ఇండస్ట్రీ’ ఇంకోటి. మూడేళ్ల బీఎంగ్ మన బీటెక్ కంటే తక్కువా? ఊళ్లో మా నాన్నగారు "మూడేళ్లంటే మన డిగ్రీ కాలేజీయే కదరా" అంటున్నారు.

లీడ్స్ నుంచి:
మీ నాన్నగారిని ఏమీ అనలేం, మా పెద్దాడి టైములో నేనూ అదే అన్నాను. ఇంగ్లాండ్‌లో బీఏ, బీఎస్సీ, బీఎంగ్ అన్నీ మామూలుగా మూడేళ్లే. చేరిన రోజు నుంచి ఆ సబ్జెక్టే చెబుతారు. ‘ఆనర్స్’ అని ఉంటే ఇక్కడి చదువుల మెట్ల లెక్కలో లెవెల్ 6, అది పూర్తి డిగ్రీ. ఎంఎంగ్ నాలుగేళ్లు, లెవెల్ 7. పేరులో మాస్టర్స్ ఉన్నా ఇంటర్ వయసు పిల్లలు నేరుగా చేరేదే. చార్టర్డ్ ఇంజినీర్ (ఇంజినీర్లకి ఇచ్చే వృత్తి గుర్తింపు) కావాలంటే అక్రెడిటెడ్, అంటే ఆ గుర్తింపుకి ఒప్పుకున్న, ఎంఎంగ్‌తో చదువు భాగం పూర్తయినట్టే. బీఎంగ్ అయితే ఆ తర్వాత ఇంకా కొంత చదవాలి. చాలా చోట్ల రెండో ఏడు మార్కులు బాగుంటే బీఎంగ్ నుంచి ఎంఎంగ్‌కి మారనిస్తారు, కాబట్టి ఇప్పుడే టెన్షన్ పడకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘ఫౌండేషన్’ అనే మాట దగ్గర. ఫౌండేషన్ ఇయర్ అంటే డిగ్రీకి ముందు ఒక ఏడాది, గ్రేడ్లు తగ్గినవాళ్లకి. ఫౌండేషన్ డిగ్రీ వేరు, అది రెండేళ్ల చదువు, లెవెల్ 5 దగ్గర ఆగిపోతుంది. మా మేనల్లుడిని ఒక కాలేజీలో రెండోదాంట్లో చేర్పించి, మొదటిదే అనుకుంటూ రెండేళ్లు గడిపేశాం. చివర్లో తెలిసింది, ఆనర్స్ కావాలంటే ‘టాప్ అప్’ అని ఇంకో ఏడాది చదవాలని. వాడు చదివాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. మా చెల్లెలు మాత్రం నన్నింకా క్షమించలేదు.

ఇంకోటి. ‘ఫిజిక్స్ అండ్ ఫిలాసఫీ’ అంటే రెండూ దాదాపు సమానం. ‘ఫిజిక్స్ విత్ ఫిలాసఫీ’ అంటే ఫిజిక్సే ఎక్కువ, రెండోది పక్కన కొంచెం. అదే ‘విత్ ఇయర్ ఇన్ ఇండస్ట్రీ’లో సబ్జెక్టేమీ మారదు, మధ్యలో ఒక ఏడాది కంపెనీలో పని, అంతే. దాన్నే శాండ్‌విచ్ అంటారు. హోమ్ ఫీజు (ఇక్కడివాళ్లకి ఉండే తక్కువ ఫీజు) వాళ్లకి ఆ ఏడాది ఫీజు గరిష్ఠ ఫీజులో 20 శాతం దాటకూడదు. ఓవర్సీస్ (విదేశీయుల ఫీజు) వాళ్లకి ఎంతో యూనివర్సిటీనే అడగాలి.

గ్లాస్గో నుంచి:
మా వైపు లెక్క వేరండీ. స్కాట్లాండ్‌లో ఆనర్స్ నాలుగేళ్లు. మూడేళ్లకి ఆపేస్తే ‘ఆర్డినరీ’ డిగ్రీ. ఎడిన్‌బరో, గ్లాస్గో, సెయింట్ ఆండ్రూస్, అబర్డీన్‌లలో ఆర్ట్స్ పిల్లలకి మొదటి డిగ్రీకే ఎంఏ అని ఇస్తారు. ఇంటికి ఫోన్ చేసి "మా అమ్మాయి ఎంఏ" అంటే ఎవరూ నమ్మలేదు.

కొవెంట్రీ నుంచి:
ఫీజు సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇంగ్లాండ్‌లో హోమ్ ఫీజు 2025-26కి గరిష్ఠంగా 9,535 పౌండ్లు. అది దక్కాలంటే మూడేళ్లు ఇక్కడ ఉంటే చాలదు, సాధారణంగా సెటిల్డ్ స్టేటస్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) కూడా ఉండాలి. మీ వీసాతో పాపకి ఓవర్సీస్ ఫీజు పడే అవకాశమే ఎక్కువ. ఇంజినీరింగ్‌కి చాలా చోట్ల అది ఏడాదికి పాతికవేల పౌండ్లు దాటుతుంది. అంటే మీకు బీఎంగ్, ఎంఎంగ్ మధ్య తేడా ఒక ఏడాది చదువే కాదు, ఒక ఏడాది ఫీజు కూడా.

డిగ్రీ అప్రెంటిస్‌షిప్ కూడా చూడండి. ఉద్యోగం చేస్తూ, జీతం తీసుకుంటూ డిగ్రీ చదవడం. ఫీజు పిల్లలు కట్టక్కర్లేదు. చదువు కోసం కాని వీసా మీద మూడేళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకీ దారి ఉంటుంది. మీ పాప చేరే నాటికి మీకు మూడేళ్లు దాటతాయి. అర్హత ఉందో లేదో ముందే కంపెనీని అడిగి రాయించుకోండి. పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది.

రీడింగ్ నుంచి:
చాలా థాంక్సండీ. అప్రెంటిస్‌షిప్ గురించి అసలు తెలియదు. మార్కుల గురించి కూడా ఒక మాట చెప్పండి.

లీడ్స్ నుంచి:
70, ఆ పైన వస్తే ఫస్ట్ క్లాస్. 60 నుంచి 69 అయితే టూ వన్ (ఫస్ట్ తర్వాతి క్లాసు), చాలా ఉద్యోగాలకి అడిగేది అదే. పాప 65 తెచ్చుకుంటే ఇంటర్ మార్కులతో పోల్చి కోప్పడకండి. యూకాస్‌లో (యూనివర్సిటీలన్నిటికీ అప్లై చేసే ఉమ్మడి పద్ధతి) 5 ఛాయిస్‌లు ఇస్తారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఆలోచన ఉంటే వచ్చే అక్టోబర్ 15 లోపే అప్లై చేయాలి.

రీడింగ్ నుంచి:
సరేనండీ. మరి మా నాన్నగారికి ఎంఎంగ్ అంటే ఎంటెక్ లాంటిదని చెప్పేయనా?

లీడ్స్ నుంచి:
చెప్పేయండి. లెవెల్ 7 కదా, మరీ పెద్ద అబద్ధమేమీ కాదు.