పిల్లలను భయపెట్టకుండా ఇంటర్నెట్ భద్రత బోధించడం ఎలా?

నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. గత వారం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, అన్నం డబ్బా సంచిలో దాచి తెచ్చిన వాళ్లమ్మ ఫోన్ తీసి, ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయం పెంచుకున్న ఎవరో ఫోటో పంపమని వరుసగా పెట్టిన సందేశాలను నాకు చూపించింది. "అమ్మకు చెప్పకండి మేడమ్, బడి మాన్పించేస్తుంది" అన్న ఆ ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడి ఫిర్యాదు చేశాం.

సైబర్ మోసాలకు 1930, పిల్లల రక్షణకు 1098 నంబర్లు ఉన్నాయని, పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోందని తరగతిలో వివరిస్తున్నాను. అయితే ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని నేర్పినంత సులువుగా, మోసపోయిన పిల్లకు తప్పు తనది కాదన్న నమ్మకం కలిగించలేకపోతున్నాను; నా దృష్టిలో అసలు పాఠం అదే.

తల్లిదండ్రుల సమావేశంలో, ఏ బిడ్డ పేరూ బయటపడకుండా, ఫోన్ లాక్కోవడం పరిష్కారం కాదని మీరు ఎలా ఒప్పించారు? ఈ విషయాలు మగపిల్లలకు, ఆడపిల్లలకు కలిపి చెప్పడం మంచిదా, విడిగానా? ఇలాంటి పాఠాలు చెప్పిన ఉపాధ్యాయులు, పిల్లల చేత నోరు విప్పించిన పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి వివరంగా రాయగలరు.