నెలకు 2500 పెట్టి ఆడిటర్‌ను పెట్టుకోవాల్నా?

మక్తల్ మోటార్ల షాపు:
అన్నలూ జర చెప్పుండ్రి. మాది మక్తల్‌ల బోరు మోటార్లు, పైపుల షాపు, సాలుకు 60 లక్షల దాంక అమ్ముతం. జీఎస్టీ ఇన్నొద్దులు మా బామ్మర్ది నింపేటోడు, ఆయనకు కొలువొచ్చి పాయె. ఇప్పుడు ఒక ఆడిటర్ నెలకు 2500 అడుగుతుండు. కాంపోజిషన్‌లకు, అంటే చిన్న యాపారుల జీఎస్టీ స్కీంలకు మారితే అమ్మకం మీద 1 శాతమే కట్టి ఊకోవచ్చంట గదా, ఇగ ఆడిటర్ ఎందుకు అని నాయిన ఒకటే లొల్లి. ఏం జేయాలె?

జడ్చర్ల కిరాణం:
దండగ తమ్మీ. నేను కాంపోజిషనే, మూన్నెల్లకోసారి మా పిల్లగాడు పది నిమిషాల్ల కట్టేస్తడు.

నల్గొండ హార్డ్‌వేర్:
అన్నా నీది కిరాణం, ఆయనది మోటార్లు, రెండూ ఒకటెట్లయితయి. నా కథ ఇను. నేను పెట్టుకున్నోడు జీఎస్టీ లాగిన్‌ల ఆయన ఫోన్ నంబరే ఇచ్చుకున్నడు, ఓటీపీలన్నీ ఆయనకే పోతుండె, నెలనెలా పైసలు చేతిల పెడితే అంత సక్కగనే నడుస్తుందనుకున్న. ఒకరోజు ఒక కాంట్రాక్టర్ వచ్చి బిల్లు కౌంటర్ మీద కొట్టి "నీ బిల్లు మా జీఎస్టీ లాగిన్‌ల కనబడ్తలేదు, నీకిచ్చిన జీఎస్టీ నా ట్యాక్స్‌ల తగ్గాలె గదా, ఆ క్రెడిట్ ఎవలిస్తరు" అన్నడు. చూస్తే ఐదు నెలల సంది రిటర్నులు పడలే! రోజుకు 50 లేట్ ఫీజు, పైకెల్లి వడ్డీ. ఇంకో నెలైతే ఆరు నెలలు నిండి రిజిస్ట్రేషనే క్యాన్సిల్ చేసేటోళ్లు.

అప్పుడు ఒక సీఏ దగ్గరికి పోయిన, 5000 తీసుకున్నడు. ఆయన కంప్యూటరే తెరవలే, బిల్ బుక్ అడిగి ఒక్కో కాయిదం తిప్పుకుంట జీఎస్టీ నంబరున్న బిల్లులు ఎన్నో లెక్కపెట్టిండు. పదిట్ల ఆరేడు అవ్వే. "కాంపోజిషన్‌ల నువ్వు ట్యాక్స్ బిల్లు ఇయ్యరాదు, వీళ్లకు క్రెడిట్ రాదు, నీ గిరాకి అంత పక్క షాపుకు పోతది" అన్నడు. నేనేమో మార్చి 31 లోపు దరఖాస్తు పెట్టి మారుదామనే కూసున్న. ఆ 5000కు నేనైతే ఏడ్వలే.

మక్తల్ మోటార్ల షాపు:
మాకు ఎక్కువ రైతులే అన్నా, జీఎస్టీ నంబర్ అడిగేటోళ్లు తక్కువ. కర్ణాటకల రాయచూర్ దిక్కు ఊర్లకు మాత్రం నెలకు నాలుగైదు మోటార్లు ట్రాలీ ఆటోల ఎక్కించి మేమే పంపుతం.

పాలమూరు అకౌంట్స్:
గదే ఉంది సూడు అసలు ముచ్చట. కాంపోజిషన్‌ల ఉన్నోడు పక్క రాష్ట్రం నుంచి సరుకు తెచ్చుకోవచ్చు గానీ అటు అమ్మరాదు. కృష్ణ దాటి ఒక్క మోటారు పంపినా కాంపోజిషన్‌ల ఉండరాదు. ఆడిటర్‌కు నువ్వు గీ సంగతి చెప్పినవా? చెప్పకుంటే ఆయనకేం కల పడ్తదా. లాగిన్‌ల మాత్రం నీ ఫోన్ నంబరే పెట్టు. ఇంకోటి, ఉద్యం రిజిస్ట్రేషన్‌కు (చిన్న యాపారాలకు సర్కారు నమోదు) ఆడిటర్ పైసలు అడిగితే ఇయ్యకు, అది సర్కారు సైట్‌ల ఫ్రీ.

జడ్చర్ల కిరాణం:
గీ రాయచూర్ ముచ్చట నాకు తెల్వదు తమ్మీ, మాది అంత ఊర్ల గిరాకే.

మక్తల్ మోటార్ల షాపు:
నాయినకు రాయచూర్ సంగతి చెప్పిన, సప్పుడు జేయలే. సోమవారం బిల్ బుక్కులు సంచిల ఏసుకొని ఆడిటర్ దగ్గరికి పోతున్న, నాయిన కూడా వస్తడంట, బేరమాడెతందుకు.